ఊరి పేరే ఆచూకీ

మిసిసిపి రాష్ట్రంలోని అవలాన్ అనే చిన్న ఊళ్లో పొలం పనులు చేసుకుంటూ బతికిన నల్లజాతి కూలీ, గిటార్ వాయిస్తూ పాడే గాయకుడు జాన్ హర్ట్. ఆయన పేరు ముందు ‘మిసిసిపి’ని రికార్డులు అమ్ముడుపోవాలని ‘ఓకే’ అనే రికార్డుల కంపెనీ తగిలించింది. ఆ కంపెనీకి ఆయన గురించి చెప్పింది విల్లీ నార్మర్ అనే తెల్లజాతి ఫిడేలు కళాకారుడు. జాతి వేర్పాటు చట్టాలు రాజ్యమేలుతున్న ఆ గడ్డ మీద వాళ్లిద్దరూ కలిసి వాయించేవారన్నది మరవకూడని సంగతి.

1928 ఫిబ్రవరిలో మెంఫిస్‌లో, డిసెంబరులో న్యూయార్క్‌లో హర్ట్ పాటలు రికార్డయ్యాయి. ఆ మహానగరంలో ఇంటి మీద బెంగతో హర్ట్ తన ఊరిపై ‘అవలాన్ బ్లూస్’ కట్టి పాడారు. రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాదే ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చింది. ఆయన మళ్లీ పొలంలోకి దిగారు.

గురువు లేకుండా చిన్నప్పుడే నేర్చుకున్న గిటార్ వాద్యం ఆయనది. బొటనవేలు మంద్ర తీగల మీద విడవకుండా తాళం నడుపుతుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట వరసను పలికిస్తాయి. వింటే గిటార్లు రెండున్నాయేమో అనిపిస్తుంది. డెల్టా బ్లూస్ శైలిలో చార్లీ ప్యాటన్ లాంటి గాయకుల గొంతు గర్జిస్తుంది. హర్ట్ గొంతు పక్కన కూర్చుని మాట్లాడుతుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం. దుఃఖం చెప్పడానికి కేక పెట్టక్కర్లేదని ఆ పాటలు నిరూపించాయి.

1952లో హ్యారీ స్మిత్ కూర్చిన అమెరికన్ జానపద సంగీత సంకలనంలో హర్ట్ పాటలు రెండు చోటు సంపాదించుకున్నాయి. కొత్త తరం చెవిన పడ్డాయి. మనిషి ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. టామ్ హాస్కిన్స్ అనే యువకుడు ఆ బెంగపాటలోని ఊరి పేరు పట్టుకుని, పాత అట్లాసులో దాన్ని వెతికి, 1963లో అవలాన్ చేరాడు. డెబ్భై ఏళ్ల హర్ట్ అక్కడే ఉన్నారు. వాయిద్యం చేతికిస్తే వేళ్లు వాటి పని మరచిపోలేదు.

ఆ ఏడాదే న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వేలమంది ఆయనను విన్నారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆయన పాటలు భద్రపరిచింది. ‘లవిన్ స్పూన్‌ఫుల్’ అనే రాక్ బృందం తన పేరునే ఆయన పాటలోంచి తీసుకుంది. ముప్పై అయిదేళ్ల మౌనానికి బదులుగా దక్కింది మూడేళ్లే. 1966 నవంబరు 2న మిసిసిపిలోని గ్రెనడాలో కన్నుమూసేలోగా ఆయన పాడిన పాటలు మాత్రం ఆ తొలి రికార్డులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.