మక్కకు ఏ నత్రజని ఎరువు లాభం? యూరియా, డీఏపీ, నానో.. లెక్క ఇదీ!

కొండగట్టు పరిసరాల్లో, ఇటు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మక్క వేసే రైతులకు ఎరువుల ఖర్చే పెద్ద తలనొప్పి. 2025 వానాకాలంలో యూరియా కోసం రాష్ట్రంలో చాలాచోట్ల క్యూ లైన్లు కనిపించాయి. మరి యూరియా దొరకకపోతే ఏది కొనాలి? బస్తా ధర కాదు, అందులోని నత్రజని ధర చూడాలి.

యూరియా: సబ్సిడీపై 45 కిలోల బస్తా రూ.266.50. ఇందులో నత్రజని 20.7 కిలోలు. అంటే కిలో నత్రజని సుమారు రూ.13 పడుతుంది. అన్నింటిలో ఇదే చవక.

డీఏపీ: 50 కిలోల బస్తా రూ.1,350. నత్రజని 9 కిలోలే, భాస్వరం మాత్రం 23 కిలోలు. విత్తేటప్పుడు దుక్కిలో వేయడానికి మంచిది. పైపాటుగా యూరియాకు బదులు వేస్తే డబ్బు దండగ.

అమ్మోనియం సల్ఫేట్: 50 కిలోల బస్తాలో నత్రజని 10 కిలోలు. గంధకం కూడా అందుతుంది. నత్రజని గాలిలో కలిసిపోయే నష్టం తక్కువ. కానీ యూరియా కన్నా బాగా ఖరీదు.

నానో యూరియా: మొదట వచ్చిన 4 శాతం రకంలో అర లీటర్ సీసాకు నత్రజని 20 గ్రాములే. ఆకులపై పిచికారీకి సరే. దుక్కిలో, మొదటి దఫాలో వేసే బస్తాకు ఇది బదులు కాదు.

ఎకరాకు ఎంత?
80 కిలోల నత్రజని ఇవ్వాలంటే ఒక డీఏపీ, మూడున్నర బస్తాల యూరియా సరిపోతాయి. ఖర్చు దాదాపు రూ.2,300.

దిగుబడి ఎక్కడ తగ్గుతుంది?
మోతాదు ఒకటే అయినా, వేసే తీరులో తేడా వస్తే దిగుబడి తగ్గుతుంది. యూరియా మొత్తం ఒకేసారి చల్లొద్దు. విత్తేటప్పుడు, మోకాలెత్తు దశలో, పూతకు ముందు విడతలుగా వేయాలి. పొడి నేలపై చల్లి వదిలేస్తే నత్రజని ఆవిరైపోతుంది. తడి ఉన్నప్పుడు మొదళ్ల దగ్గర వేసి మట్టితో కప్పాలి. భూసార పరీక్ష చేయించి, ఏఈఓను గానీ పొలాస పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను గానీ అడిగి మోతాదు ఖరారు చేసుకుంటే మేలు.