రాజు మతం, రైతు శిస్తు

కొండాపూరు నుంచి పటాన్‌చెరుకు బస్సులో పోయేవారికి నేడు కనబడేది కర్మాగారాల పొగ. నాలుగు వందల ఏండ్ల క్రితం ఆ ఊరు పొట్లచెరువు. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా (1550-1580) కొలువులోని అమీన్ ఖానుడు అక్కడి ప్రభువు. తొలి అచ్చ తెలుగు కావ్యమైన ‘యయాతి చరిత్ర’ను పొన్నెగంటి తెలగన అంకితమిచ్చింది ఆయనకే. ఇది చూపి మన పండితులు కొందరు కుతుబ్ షాహీల కాలాన్ని మతసామరస్యపు స్వర్ణయుగమంటారు. రాజు ముస్లిము, ప్రజలలో అధికులు హిందువులు గనుక అది పరాయి పాలన అని మరికొందరంటారు. ఇరువురి చూపూ రాజు మతం దగ్గరే ఆగిపోతున్నది.

ఇటువంటి పరిస్థితి మన దేశానికే ప్రత్యేకం కాదు. 1685లో ఇంగ్లండు సింహాసనమెక్కిన రెండవ జేమ్సు కాథలిక్కు. ప్రజలు బహుళంగా ప్రొటెస్టంటులు. కాథలిక్కులకు ఉద్యోగాలివ్వరాదన్న 1673 నాటి చట్టాన్ని పక్కకు నెట్టి, సైన్యంలో తన మతంవారిని నియమించాడు. 1688 జూన్‌లో అతనికి కొడుకు పుట్టడంతో ప్రొటెస్టంటు ప్రభువర్గానికి భయం ముదిరింది. ఎనిమిదవ హెన్రీ కాలంలో మఠాల నుంచి లాక్కున్న భూములు ఆ వర్గం చేతిలోనే ఉన్నవని మరువరాదు. నవంబరులో ఆరెంజి విలియం సైన్యంతో దిగాడు. డిసెంబరులో జేమ్సు పారిపోయాడు. దీనిని మహోజ్జ్వల విప్లవమన్నారు. బలపడినది మాత్రం పార్లమెంటులోని భూస్వాములూ వర్తకులూ.

అంతకు ఏడాది ముందే, 1687 సెప్టెంబరులో, గోలకొండ కూలింది. కూల్చినవాడు ప్రజల మతంవాడు కాడు, రాజు మతంవాడే: ఔరంగజేబు. తానీషా షియా, ఔరంగజేబు సున్నీ అన్న భేదం నిజమే. 1636 సంధిలోనే షాజహాను, శుక్రవారపు ఖుత్బాలో షియా ఇమాముల పేర్లు చదవడం మాన్పించాడు. అదే సంధిలో ఏటా 2 లక్షల హొన్నుల కప్పం కూడా రాయించుకొన్నాడు. ఖుత్బాలో ఎవరి పేరు చదివినా హొన్నులు పుట్టవలసింది చేనులోనే గదా!

భద్రాచల రామదాసు కథనే తీసుకోండి. పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న గుడి కట్టించినందుకు చెరసాల పాలయ్యాడని హరికథలలో వింటాం. అసలు తగవు గుడి గురించి కాదు, సర్కారుకు చేరని శిస్తు గురించి. ఆ కాలంలో గోలకొండలో పెత్తనం, ఆయన మేనమామలని చెప్పే అక్కన్న మాదన్నలదే! సొమ్ము ముట్టలేదని సర్కారు, రాముడే వచ్చి చెల్లించాడని భక్తులు. ఆ సొమ్ము ఎవరి గాదెలలోంచి పోయిందో ఇరువర్గాలలో ఎవరూ అడుగలేదు.

బ్రాహ్మణునికి పెత్తనమిచ్చాడన్నది తానీషాపై ఔరంగజేబు మోపిన నేరాలలో ఒకటి. 1686లో అక్కన్న మాదన్నలను గోలకొండలో చంపారు. అయినా దండయాత్ర ఆగలేదు. సుమారు ఎనిమిది నెలల ముట్టడి తరువాత లంచం తిన్న సర్దారొకడు కోట తలుపు తీశాడు. తానీషాను దౌలతాబాదులో ఖైదు చేశారు. ఊళ్ళలో మాత్రం కొత్త ప్రభువులకు శిస్తు లెక్క చెప్పినది పాత దేశముఖులూ, పాత కరణాలే.