టైటానియం వేరు చుట్టూ పసుపు

టైటానియానికి పుచ్చు పట్టదు. దాని చుట్టూ ఉన్న చిగురుకూ ఎముకకూ మాత్రం జబ్బు చేస్తుంది. దవడ ఎముకలో టైటానియం వేరు బిగించి, దానిపై ఇంప్లాంట్ పన్ను పెట్టించుకున్న కొన్నేళ్లకు కొందరిలో చిగురు ఎర్రబడుతుంది, బ్రష్ తగిలితే నెత్తురు వస్తుంది, నొక్కితే చీము కనిపిస్తుంది. ఎక్స్‌రేలో చూస్తే దవడ ఎముక ఇంప్లాంట్ చుట్టూ గుంటపడి ఉంటుంది. దీన్ని పెరి ఇంప్లాంటైటిస్ అంటారు. చాలామందికి నొప్పి పెద్దగా ఉండదు, అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. ఈ జబ్బు కోసం పరీక్షిస్తున్న మొక్కల మందుల్లో మనింటి పసుపు కూడా ఉంది.

ఇంప్లాంట్ కథ స్వీడన్‌లో మొదలైంది. 1952లో లుండ్ నగరంలో పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు ఎముకలో నెత్తురు ఎలా ప్రవహిస్తుందో చూడడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం అమర్చారు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే రోగికి ఆయన మొదటిసారిగా టైటానియం పంటివేర్లు బిగించారు. 2006లో లార్సన్ చనిపోయేదాకా అవి పనిచేశాయి. ఎముకతో అంత గట్టిగా అతుక్కునే లోహానికి చిగురుతో మాత్రం అంత పొత్తు కుదరలేదు. సహజమైన పంటివేరుకు చిగురు నారపోగులు అడ్డంగా పాతుకుని కాపలా కాస్తాయి. ఇంప్లాంట్ పక్కన అవి ఊరికే సమాంతరంగా సాగుతాయి. అందుకే పాచిలోని సూక్ష్మజీవులు లోపలికి దిగితే వాపు ఎముకదాకా త్వరగా పాకుతుంది.

పసుపు కథ మరింత పాతది. గాయానికి పసుపు అద్దడం మనకు ఎవరూ నేర్పాల్సిన పని కాదు. 1815లో వోగెల్, పెల్టియే అనే రసాయనవేత్తలు పసుపులోని పసుపుపచ్చటి పదార్థాన్ని వేరుచేశారు. తర్వాత ఐదేళ్లకు క్వినైన్‌ను వేరుచేసిన ఇద్దరిలో ఒకరు ఈ పెల్టియేనే. వాళ్లు వేరుచేసిన ఆ పదార్థం కర్కుమిన్. దాని అణువు నిర్మాణం 1910 దాకా తేలలేదు. 1973లో లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థకు చెందిన శ్రీమల్, ధావన్ దాన్ని జంతువులపై పరీక్షించి వాపు తగ్గిస్తుందని నమోదు చేశారు. మన శాస్త్రవేత్తలు మన పసుపును ప్రయోగశాలలో నిలబెట్టిన ఆ పనిని తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. గాయాలకు పసుపు వాడకంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటు మీద మన దేశపు పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పోరాడింది, 1997లో అది రద్దయింది.

ఈ రెండు కథలూ ఎముక కణాల దగ్గర కలిశాయి. సూక్ష్మజీవులతో పోరాడే మన కణాలు విడుదల చేసే సంకేతాలు కణాల్లోని ఎన్ఎఫ్ కప్పా బి అనే మీటను నొక్కుతాయి. ఆ సంకేతాల్లో ఒకటైన ర్యాంక్ ఎల్ అనే ప్రోటీన్ ఆస్టియోక్లాస్టులను, అంటే ఎముకను కొరికే కణాలను తయారు చేయిస్తుంది. ఇంప్లాంట్ పెట్టిన చోట ఎముక కరగడానికి కారణం సూక్ష్మజీవులు ఒక్కటే కాదు, వాటిమీద మన శరీరం చేసే యుద్ధం కూడా. కర్కుమిన్ ఆ మీటను అణిచి, కొరికే కణాల సంఖ్యను తగ్గించడం కణాలపై జరిగిన ప్రయోగాల్లో కనిపించింది. గ్రీన్ టీలోని ఈజీసీజీ, ఎన్నో మొక్కల్లో ఉండే క్వెర్సెటిన్ అనే పదార్థాలపైనా ఇలాంటి పని జరుగుతోంది.

అయితే పసుపు ఒంటికి పట్టడం కష్టం. పసుపులో కర్కుమిన్ సాధారణంగా 2 నుంచి 5 శాతమే. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లకు వచ్చే కొమ్ములదీ అదే సంగతి. తిన్నదాన్ని కాలేయం, పేగులు త్వరగా మార్చేస్తాయి. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్ ఇస్తే నెత్తురులో దాదాపు ఏమీ దొరకలేదు. 20 మిల్లీగ్రాముల మిరియాల పిపరిన్ జతచేస్తే లభ్యత 2000 శాతం పెరిగింది. 2017లో కర్కుమిన్‌పై వచ్చిన ఒక విమర్శనాత్మక సమీక్ష, 120కి పైగా మానవ ప్రయోగాలు జరిగినా గట్టిగా నిలిచే ఫలితం ఒక్కటీ లేదని తేల్చింది. ఇది నచ్చని నిజమే అయినా చెప్పాలి. ఇంప్లాంట్ల విషయంలో ఆధారాలు ఎక్కువగా ప్రయోగశాలల్లోనూ జంతువుల్లోనూ దొరికినవే. ఇప్పటికి మొదటి వైద్యం ఇంప్లాంట్ మీది పాచిని డాక్టర్ చేత శుభ్రం చేయించడమే. చిగురు నుంచి నెత్తురు కారుతుంటే పసుపు రాసుకుని ఇంట్లో కూర్చోకండి.

తిన్న కర్కుమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు కాబట్టి పరిశోధకులు మందును నోటి ద్వారా పంపే దారి మార్చి, పూతగా టైటానియం మీదే అంటించాలని చూస్తున్నారు. పూతలో మందు చాలినంత లేకపోతే వాపు తగ్గదు, ఎక్కువైతే ఎముకను కట్టే కణాలే చచ్చిపోతాయి. పైగా ఆ పూత సూక్ష్మజీవులను చంపే శుద్ధి ప్రక్రియను తట్టుకోవాలి. స్క్రూలా తిప్పి దవడ ఎముకలోకి బిగించేటప్పుడు రాపిడికి ఊడిపోకుండా, నెలల తరబడి కొద్దికొద్దిగా మందు వదులుతూ ఉండాలి.