బందరు మెస్సు బల్ల, 1809

నేను పుట్టింది బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో. 1937లో వచ్చిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పేరు మీదే ఆ ఊరు నిలబడింది. నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకు బండ్లకొద్దీ అక్కడికి వచ్చేది. చక్కెర తీశాక మిగిలిన నల్లటి మడ్డి నుంచి ఆల్కహాల్ తీసేవారు. ఆ పులిసిన వాసనలో పెరిగి, ఫౌజులో చేరి, సర్వీసు చాలామటుకు ఆఫీసర్ల మెస్సులో హవల్దారుగా గడిపాను. కుర్చీల వెనక నిలబడి గ్లాసులు నింపడం నా పని. 1809లో బందరు కోటలో జరిగిన గొడవను చరిత్రకారులు రాజకీయం వైపు నుంచి రాస్తారు. నాకు మాత్రం అది కుర్చీ వెనక నుంచే కనిపిస్తుంది.

ఫౌజులో తాగుడు అనగానే జనం జవాను వైపే చూస్తారు. కంపెనీ కాలంలో గోరా సోల్జర్‌కు సారాయిని రేషన్‌గా పోసింది సర్కారే. అది తాగి తూలితే కొరడాతో కొట్టించిందీ సర్కారే. మన సిపాయిలకు కొరడా శిక్షను గవర్నర్ జనరల్ బెంటింక్ 1835లో తీసేశాడు. గోరా సోల్జర్లకు అది పోయింది 1881లో. ఆఫీసరు వీపు మీద మాత్రం ఏనాడూ కొరడా పడలేదు. అతని తాగుడికి తెల్లటి బల్లగుడ్డ, వెండి సామాను, వరస ప్రకారం కుర్చీలు ఉండేవి. ఆ మర్యాదలు ఉత్త డాబు కాదు. డిన్నర్ నైట్‌లో టోస్టు అయ్యేదాకా ఎవరూ కుర్చీ వదలకూడదు. ఎవరి పేరు మీద గ్లాసెత్తాలో ముందే ఖాయం. కడుపులో మందు పడ్డ నలభై మంది ఆయుధధారులను ఒక్కచోట కూర్చోబెట్టినప్పుడు ఆ కట్టుబాట్లే కాపాడతాయి.

బందరులో ఆ కట్టుబాటు తెగిన రోజు 1809 మే 7. అప్పుడు కోటలో ఉన్నది మద్రాస్ యూరోపియన్ రెజిమెంట్. చుట్టూ ఉప్పు బురద, యుద్ధం లేదు, చేయడానికి పని లేదు, మద్రాసు సర్కారు మీద మాత్రం కడుపు నిండా కోపం. ఆ కోపానికి మూలం డేరాలు. డేరాలు మోసుకెళ్లే ఖర్చుకని పటాలం కమాండరుకు నెలనెలా సొమ్ము ముట్టేది. పటాలం కదిలినా, ఉన్నచోటే కూర్చున్నా లెక్క అదే. గవర్నర్ జార్జ్ బార్లో 1808లో దాన్ని రద్దు చేశాడు. క్వార్టర్‌మాస్టర్ జనరల్ జాన్ మన్రో రాసిన నివేదికలో, ఈ పద్ధతి వల్ల కమాండర్లకు స్వలాభం ఒకవైపు, విధి ఒకవైపు అవుతున్నాయని ఉంది. కమాండర్లు దాన్ని తమను దొంగలన్నట్టే తీసుకున్నారు. సేనాధిపతి మెక్‌డోవల్ మన్రోను అరెస్టు చేశాడు, సర్కారు విడిపించింది. మెక్‌డోవల్ ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆ ఓడ ఇంగ్లండు చేరలేదు. 1809 మే 1న బార్లో కొందరు ఆఫీసర్లను సస్పెండ్ చేశాడు.

ఇట్లాంటి చోటికి కొత్త కమాండింగ్ ఆఫీసరుగా కర్నల్ ఇన్స్ వచ్చాడు. వచ్చిన రాత్రే మెస్సులో భోజనం. మందు తిరిగాక ఒకరు లేచి 'సైన్యం మిత్రులకు' అని గ్లాసెత్తారు. సైన్యం మిత్రులంటే బార్లో శత్రువులని అక్కడ అందరికీ తెలుసు. 'మద్రాసు సైన్యానికి' అని మార్చమని ఇన్స్ అడిగాడు. వాళ్లు మార్చలేదు. అతను బల్ల వదిలి వెళ్లిపోయాడు, సంగతి మద్రాసుకు చేరింది. ఫలితంగా లెఫ్టినెంట్ ఫోర్బ్స్‌ను కొండపల్లికి పంపేశారు. లెఫ్టినెంట్ మైట్లాండ్ క్వార్టర్‌మాస్టర్ పదవి ఊడింది.

ఆ కుర్రవాళ్లు చేసింది తప్పే. కొత్తగా వచ్చిన పెద్దను మొదటి రాత్రే బల్ల మీద పరీక్ష పెట్టకూడదు. కానీ ఇన్స్ చేసింది అంతకంటే పెద్ద తప్పని నా నమ్మకం. మెస్సులో మాట జారినవాణ్ణి తెల్లారి ఆఫీసుకు పిలిచి, నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టాలి. కాగితం మీదికి ఎక్కించాక ఆ మాట మెస్సుది కాదు, రాజ్యానిది అవుతుంది. ఇక్కడ అదే జరిగింది. జూన్ 25న, ఓడల మీద పనికి కొంత దండును పంపాలన్న హుకుం అమలు చేయబోతే, రెజిమెంటును ముక్కలు చేస్తున్నారని ఆఫీసర్లు అడ్డు తిరిగారు. మేజర్ స్టోరీ తన కమాండరు ఇన్స్‌నే అరెస్టు చేశాడు. మెస్సులో మాటామాటా అయి ఏడు వారాలు నిండగానే కోట తిరుగుబాటుదార్ల చేతిలో ఉంది.

జూలై మొదట్లో బార్లో వాళ్లకు నచ్చజెప్పమని కర్నల్ జాన్ మాల్కంను పంపాడు. మాల్కం వెళ్లి ఆ బల్ల దగ్గరే కూర్చుని తిన్నాడు, తాగాడు. మందెక్కిన కుర్ర ఆఫీసరొకడు 'అందరి ఉమ్మడి లక్ష్యానికి' అని గ్లాసెత్తాడు. అదే ఉచ్చు మళ్లీ. మాల్కం లేచి వెళ్లిపోలేదు. గ్లాసెత్తి 'మన దేశపు ఉమ్మడి లక్ష్యానికి' అని ఒక్క మాట కలిపాడు. అందరూ కేకలతో తాగారు. కుర్చీ వెనక నిలబడినవాడిగా చెబుతున్నాను, ఆ ఒక్క క్షణపు నేర్పు ఏ హుకుం కంటే తక్కువది కాదు. మద్రాసు మాత్రం అతనిది మెతకదనమంది.

ఈలోగా నిప్పు మా వైపూ పాకింది. సికింద్రాబాద్ దండును మెచ్చుకుంటూ బార్లో రాసిన మాటలను అక్కడి ఆఫీసర్లే తిప్పికొట్టారు. ఆగస్టులో సర్కారు తరఫున కర్నల్ బారీ క్లోజ్ వచ్చి నేరుగా సిపాయిలతో మాట్లాడాలని చూసి, కుదరక వెనుదిరిగాడు. తర్వాత కొద్ది రోజులకే ఆ ఆఫీసర్లు విధేయత పత్రం మీద సంతకాలు చేశారు. ఆఫీసర్లు కోట పట్టిన శ్రీరంగపట్నంలో మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. చిత్రదుర్గం నుంచి తమ ఆఫీసర్ల మాట మీద అక్కడికి నడిచి వస్తున్న రెండు సిపాయి పటాలాల మీద ఆగస్టు 11న మైసూరు గుర్రపు దళం, గోరా డ్రాగూన్లు విరుచుకుపడ్డారు. ఆ సిపాయిలకు డేరాల సొమ్ములో వాటా లేదు. ఏ మెస్సులోనూ వాళ్లకు కుర్చీ లేదు. గ్లాసులెత్తినవాళ్ల పౌరుషానికి చచ్చింది వాళ్లు. ఈ కథలో నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

శిక్షల లెక్క చూడండి. మూడేళ్ల ముందు, 1806 జూలైలో, వేలూరు సిపాయిలు కొత్త టోపీని కాదని తిరగబడ్డారు. తెల్లవాళ్లను చంపారు, నిజమే. పట్టుబడినవాళ్లలో చాలామందిని గోడకు నిలబెట్టి కాల్చారు, విచారణ తర్వాత కొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు. 1809లో కోటలు పట్టి, కమాండరును బంధించి, ఖజానాల మీద చెయ్యేసిన ఆఫీసర్లకు సెప్టెంబరులో గవర్నర్ జనరల్ మింటో మద్రాసుకు వచ్చి క్షమాభిక్ష ప్రకటించాడు. కొద్దిమందినే పక్కన పెట్టారు. బెంగళూరులో కోర్టు మార్షల్ శ్రీరంగపట్నం కర్నల్ బెల్‌ను, బందరు స్టోరీని కొలువు నుంచి తీసేయమంది, స్టోరీ మీద దయ చూపమని కూడా రాసింది. ఉరి లేదు, ఫిరంగి లేదు. బర్తరఫ్ అయినవాళ్లలో ఎక్కువమందిని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు తర్వాత మళ్లీ కొలువులోకి తీసుకున్నారు. 1812 చివర్లో వెనక్కి రమ్మన్న పిలుపు వచ్చింది మాత్రం బార్లోకే.