జంషెడ్‌పూర్‌లో చిన్న పరిశ్రమ: స్థలం నుంచి బకాయిల దాకా

ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ ఒక పెద్ద పరిశ్రమ చుట్టూ పెరిగిన నగరం. 1907లో ఏర్పడిన టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ సాక్చి గ్రామం వద్ద కర్మాగారం కట్టి 1912లో ఉక్కు తయారు చేసింది. 1919లో వైస్రాయ్ ఛెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. 1945లో టెల్కో (నేటి టాటా మోటార్స్) వచ్చింది. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు.

పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు, మెషినింగ్, ఫ్యాబ్రికేషన్ పనులు చేసిపెట్టే చిన్న యూనిట్లు ఇక్కడి ఆర్థిక వ్యవస్థకు రెండో కాలు. అయితే కొత్తగా యూనిట్ పెట్టేవారికి పని సంపాదించడంతోనే కష్టం తీరదు. చేసిన పనికి డబ్బు సకాలంలో రావడమే అసలు ప్రశ్న.

స్థలం ఎక్కడ?

నగరంలో చాలా భూమి ప్రభుత్వం నుంచి టాటా స్టీల్ లీజుకు తీసుకున్నదే. 2005లో పునరుద్ధరించిన ఆ లీజును 1996 నుంచి 30 ఏళ్లకు లెక్కగట్టారు. అందుకే చిన్న పరిశ్రమలు ఎక్కువగా ఖర్కాయి నది అవతల, సరాయికేలా-ఖర్సావాఁ జిల్లాలోని ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో ఉన్నాయి. అక్కడి యూనిట్లు వెయ్యికి పైనే. ప్లాట్లను రాష్ట్ర పారిశ్రామిక ప్రాంత అభివృద్ధి సంస్థ 'జియాడా' లీజుకు ఇస్తుంది.

బయట భూమి కొనాలంటే 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టాన్ని గమనించాలి. ఆదివాసీ రైతు తన భూమిని అదే పోలీస్ స్టేషన్ పరిధిలో నివసించే ఆదివాసీకి, డిప్యూటీ కమిషనర్ అనుమతితో మాత్రమే బదిలీ చేయగలరు. కొన్నవారు ఎంతకాలంగా అక్కడ స్థిరపడినవారైనా ఈ నిబంధన మారదు. కాబట్టి భూమి రికార్డు చూడకుండా బయానా ఇవ్వకూడదు.

నమోదు, పెట్టుబడి

ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో నమోదు ఉచితం. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాలపై రూ.2.5 కోట్లు, టర్నోవరు రూ.10 కోట్లు మించనిది సూక్ష్మ పరిశ్రమ, రూ.25 కోట్లు, రూ.100 కోట్లు మించనిది చిన్న పరిశ్రమ. సరుకుల టర్నోవరు ఏడాదికి రూ.40 లక్షలు దాటితేనే ఝార్ఖండ్‌లో సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి. కానీ కంపెనీలకు సరఫరా చేసేవారు ముందే తీసుకుంటారు. అది లేకపోతే కొనుగోలుదారుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు.

ముద్ర రుణం రూ.10 లక్షల వరకు దొరుకుతుంది. పాత రుణం సక్రమంగా తీర్చినవారికి రూ.20 లక్షల వరకు ఇస్తారు. కొత్త యూనిట్లకు పీఎంఈజీపీ ఉంది. 2025-26 వరకు ఆమోదించిన రూపంలో తయారీ ప్రాజెక్టు పరిమితి రూ.50 లక్షలు, సేవలకు రూ.20 లక్షలు. సబ్సిడీ ప్రాంతాన్ని, వర్గాన్ని బట్టి 15 నుంచి 35 శాతం.

బకాయిలే అసలు పరీక్ష

ఉదాహరణకు, నెలకు రూ.10 లక్షల బిల్లులు వేసే వర్క్‌షాపు తీసుకుందాం. డబ్బు 45 రోజుల్లో వస్తే బయట రూ.15 లక్షలు నిలుస్తాయి. 90 రోజులు పడితే రూ.30 లక్షలు. ఆ అదనపు రూ.15 లక్షలకు 12 శాతం చొప్పున ఏడాది వడ్డీ రూ.1.8 లక్షలు. టర్నోవరులో లాభం 6 శాతం అనుకుంటే ఏడాదికి మిగిలేది రూ.7.2 లక్షలు. అందులో పావు వంతు ఆలస్యానికే పోతుంది. పైగా వసూలు కాని బిల్లుపైనా జీఎస్టీ నెలవారీగా కట్టాల్సిందే.

2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు 45 రోజుల్లోగా చెల్లించాలి; రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే గడువు. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. వివాదం రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. అక్కడి తీర్పును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం సొమ్ము జమ చేయాలి. గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపడానికి ఆదాయపు పన్ను చట్టమూ ఒప్పుకోదు. అయితే సరఫరా తర్వాత నమోదైనవారికి పాత బిల్లులపై ఈ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 2021, 2022లో చెప్పింది. 2025లో ఈ అంశం విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. అందుకే మొదటి బిల్లుకు ముందే ఉద్యమ్ నమోదు చేసుకోవడం క్షేమం.

చట్టం ఉన్నా కేసు వేయడానికి చిన్న సరఫరాదారు వెనుకాడతాడు. ఉన్న ఒక్క కొనుగోలుదారు దూరమైతే యంత్రాలు ఆగిపోతాయన్న భయం అతనిది. వాద్యం లేకుండా డబ్బు పొందే మార్గం ట్రెడ్స్ వేదిక. కొనుగోలుదారు అంగీకరించిన బిల్లును బ్యాంకులు తగ్గింపుతో కొని వెంటనే సొమ్ము ఇస్తాయి. రూ.250 కోట్లకు పైగా టర్నోవరున్న కంపెనీలు ఇందులో చేరాలని కేంద్రం 2024లో ఆదేశించింది.

ఒక్కరిపైనే ఆధారపడితే

2019లో వాహనాల అమ్మకాలు పడిపోయి టాటా మోటార్స్ ప్లాంటులో కొన్ని రోజులు ఉత్పత్తి ఆపినప్పుడు ఆదిత్యపూర్‌లో ఎన్నో యూనిట్ల పని నిలిచింది. ట్రక్కు విడిభాగాలు తప్ప వేరే పని లేనివారు ఎక్కువ నష్టపోయారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. రైల్వే, బొకారో ఉక్కు వంటి కొనుగోలుదార్లు దగ్గర్లోనే ఉన్నారు. మొదటి ఆర్డరు టాటాల నుంచి వచ్చినా, రెండో కొనుగోలుదారును తొలి ఏడాదిలోనే వెతుక్కున్న యూనిట్‌కు బకాయి గట్టిగా అడిగే ధైర్యం ఉంటుంది.