పొయ్యికి పన్ను తగ్గింపు

మన ప్రాంతమున మాఘమాసపు చలికి చిన్న కుంపటి చాలును. అమెరికా ఉత్తర రాష్ట్రములలో నెలలకొలది మంచు కురియును; ఇల్లంతయు వెచ్చగా నుంచు పొయ్యి లేనిదే అచట బ్రతుకు సాగదు. అట్టి కట్టెల పొయ్యిలలో మేలైనది కొన్నవారికి ఆ దేశప్రభుత్వము కొంతకాలము పన్ను తగ్గించెను. ఆ ఏర్పాటు ఎట్లు పుట్టెను, ఎవరికి ఉపకరించెను, ఎట్లు ముగిసెను అను సంగతిని ఈనాడు మనము పరిశీలింతము.

కట్టె పొదుపు అచట క్రొత్త చింత కాదు. ఫిలడెల్ఫియా పరిసరములలో అడవులు తరిగి వంటచెరకు ప్రియమైన దినములలో బెంజమిన్ ఫ్రాంక్లిను తక్కువ కట్టెతో ఎక్కువ వేడి నిచ్చు ఇనుప పొయ్యిని రూపొందించి, 1744లో దానినిగూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. పేటెంటు ఇత్తునని గవర్నరు ముందునకు వచ్చినను ఆయన వలదనెను. ఇతరుల కల్పనలవలన మనము లాభపడుచుండగా, మన కల్పనను ఉచితముగా నిచ్చుటయే న్యాయమని ఆయన తలంపు.

తరువాత బొగ్గు, చమురు, గ్యాసు వచ్చి కట్టెను వెనుకకు నెట్టినవి. 1973లో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని ఆపగా ధరలు మండినవి. పల్లెజనులు మరల కట్టెల పొయ్యిలవైపు చూచిరి. 1978 నాటి చట్టము ఇంటి గోడలకు, కప్పులకు వేడి పోకుండ కట్టుదిట్టము చేయించినవారికి 300 డాలర్ల వరకు పన్ను తగ్గించెను. కాని కట్టెల పొయ్యికి అందు చోటు దొరకలేదు.

ఇంతలో మరియొక చిక్కు పైబడెను. ఇంటింట పొయ్యి రగులుటతో, కొండలనడుమ లోయలలోని ఊళ్లను శీతకాలపు పొగ క్రమ్మెను. మొదట ఆరెగాన్ రాష్ట్రము, పిదప 1988లో కేంద్రప్రభుత్వము క్రొత్త పొయ్యిల పొగకు హద్దులు విధించెను. ఆ దశాబ్దమునందే రంపపుపొట్టును అదిమి చేసిన గుళికలతో మండు పొయ్యిలు బజారుకు వచ్చెను. గుళికలు ఆరియుండును; యంత్రము వానిని కొద్దికొద్దిగా నిప్పులోనికి వదలును; కావున పొగ తక్కువ.

2008 చివర చేసిన చట్టముతో పొయ్యికి పన్ను తగ్గింపులో చోటు దొరకెను. 2009, 2010 సంవత్సరములకు ఖర్చులో నూటికి 30 వంతులు, మొత్తముపై 1,500 డాలర్లకు మించకుండ ఇచ్చిరి. 2011 నుండి అది 300 డాలర్లకు దిగెను. గడువు తీరుచు, మరల వెనుకటి తేదీతో పొడిగింపబడుచు 2020 వరకు సాగెను.

పొయ్యి నూటికి 75 పాళ్ల వేడినైన ఇంటికి అందింపవలె నన్నది నిబంధన. ఈ అంకెలోనే మెలిక కలదు. కట్టె మండునపుడు నీటియావిరి పుట్టి కొంత వేడిని గొట్టముగుండ బయటికి కొనిపోవును. ఆ వేడిని లెక్కలో చేర్చిన పొయ్యి సామర్థ్యము తక్కువగను, విడిచిన ఎక్కువగను కనబడును. ఏ లెక్క పట్టవలెనో తొలి చట్టము చెప్పలేదు. తయారీదారులు తమకు అనుకూలమైన లెక్కనే పట్టిరి. 2021 నుండి మాత్రమే కఠినమైన లెక్క చట్టమున కెక్కెను.

అంతకంటె పెద్ద ప్రశ్న ఒకటి మిగిలెను. ఈ తగ్గింపు చేతికిచ్చు ధనము కాదు. కట్టవలసిన పన్నులో కోత. 2023 నుండి 2025 వరకు ఇది ఖర్చులో నూటికి 30 వంతులు, ఏటికి 2,000 డాలర్ల వరకు ఉండెను. బిగింపుతో కలిసి 4,000 డాలర్లయిన పొయ్యికి 1,200 డాలర్లు వచ్చునని అనుకొందము. 1,500 డాలర్ల పన్ను కట్టవలసినవానికి అంతయు దక్కును. 200 కట్టవలసినవానికి 200 మాత్రమే. మిగిలినది మరుసటి యేటికి సాగదు. పన్ను కట్టునంత రాబడి లేనివానికి ఏమియు రాదు. పాత పొయ్యి పొగలో దగ్గుచు కూర్చుండువాడు తరచుగా ఈ కడపటివాడే గదా!

వేరొక దారి లేకపోలేదు. మొంటానా రాష్ట్రమున లిబ్బీ అను చిన్న ఊరు లోయలో నున్నది. 2005 నుండి 2007 వరకు అచట ప్రభుత్వమును, పొయ్యిల పరిశ్రమయు ధనమిచ్చి 1,100కు పైగా పాత పొయ్యిలను మార్పించిరి. శీతకాలపు గాలిలో సూక్ష్మధూళి నూటికి 25 పాళ్లకు పైగా తగ్గినట్లు కొలతలు చూపినవి. అచట సాయము పన్నులెక్క చూడలేదు, పొగ వచ్చు ఇంటిని వెదకుకొని పోయెను.

2025 జూలై 4న సంతకమైన చట్టము పొయ్యి తగ్గింపును ఆ డిసెంబరు 31తో ముగించెను.

మనకును ఇందు గ్రహింపదగినది కలదు. 1950ల దశకమున హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి.రాజు పొగగొట్టము గల మట్టిపొయ్యిని రూపొందించిరి. పేదయింటి ఇల్లాలి కన్నులే వారి లెక్కకు మొదలు. పొయ్యి మంచిదగుట ఒక యెత్తు. అది అవసరమైన గడపకు చేరుట మరియొక యెత్తు. ఏ రాయితీనైనను ఈ రెండవ కొలతతో కొలిచినపుడే దాని నిజమైన విలువ మనకు తేటపడును.