కరోనా కాలపు ఒత్తిడి: శరణార్థుల ఆలోచన, జ్ఞాపకశక్తి

కరోనా మహమ్మారి రేపిన భయం, ఉపాధి నష్టం, ఒంటరితనం శరణార్థుల ఏకాగ్రతను, నిర్ణయశక్తిని, జ్ఞాపకశక్తిని దెబ్బతీసే తీరు ఈ వ్యాస విషయం. యుద్ధం, హింస మిగిల్చిన పాత గాయం మీద పడ్డ కొత్త బరువు కనుక రెంటినీ విడదీసి కొలవడం కష్టం.

ముప్పు ఎదురైనప్పుడు శరీరంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. కాసేపైతే అది మేలే చేస్తుంది. నెలల తరబడి సాగితే మాత్రం కొత్త జ్ఞాపకాలను కుదిర్చే హిప్పోక్యాంపస్, ఏకాగ్రతను నడిపే మెదడు ముందుభాగం మందగిస్తాయి. డబ్బు చింతా తక్కువది కాదు. తమిళనాడు చెరకు రైతులపై 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, పంట డబ్బు అందకముందు కంటే అందాక అదే రైతులు ఆలోచనా పరీక్షల్లో మెరుగ్గా రాణించారు. ఆ కొద్ది నెలల్లో ఎవరి తెలివీ పెరగదు, చింత తగ్గిందంతే.

ఉదాహరణకు, బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాలకు 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి 7 లక్షలకు పైగా రోహింగ్యా శరణార్థులు చేరారు. అక్కడ తొలి కరోనా కేసు 2020 మేలో బయటపడింది. వెదురు, టార్పాలిన్ గుడిసెలో ఇంటిల్లిపాదీ ఒకే చోట పడుకోవాలి. చేతిపంపు, మరుగుదొడ్డి పదిమందివీ. భౌతిక దూరం ఎక్కడ పాటిస్తారు? 2019 సెప్టెంబరు నుంచి దాదాపు ఏడాది వేగవంతమైన మొబైల్ ఇంటర్నెట్ కూడా లేదు. వార్త అందని చోట పుకారు రాజ్యమేలింది. వైరస్ సోకితే చంపేస్తారని భయపడి ఆసుపత్రి గడప తొక్కనివాళ్లున్నారు. ఇటు హైదరాబాద్ బాలాపూర్ పరిసరాల్లో తలదాచుకున్న రోహింగ్యాలకు లాక్‌డౌన్‌లో కూలి పనులు ఆగిపోయాయి.

ఇలాంటి ఒత్తిడి తెచ్చే మతిమరుపును కొలవడమూ తేలిక కాదు. అంకెలను వెనక నుంచి చెప్పమనే పరీక్ష బడికెళ్లినవాళ్లకు అనుకూలం. బడి ముఖం చూడని మనిషి తడబడితే అది ఒత్తిడో, అలవాటు లేకపోవడమో పరీక్ష చెప్పలేదు.

జ్ఞాపకం ఇలా తడబడితే అసలు చిక్కు, ఆశ్రయం ఇవ్వాలా వద్దా అని తేల్చే విచారణలో వస్తుంది. అక్కడ సాక్ష్యమంటే చాలాసార్లు జ్ఞాపకమే. తేదీ తప్పితే అబద్ధమన్న అనుమానం. బ్రిటన్‌లోని కొసోవో, బోస్నియా శరణార్థులను మనస్తత్వవేత్త జేన్ హెర్లిహీ బృందం రెండేసిసార్లు ప్రశ్నించి 2002లో ఫలితాలు ప్రచురించింది. రెండు కథనాల మధ్య తేడాలు రావడం మామూలేనని, అవి ముఖ్య ఘటనల్లో కంటే చిన్న వివరాల్లో ఎక్కువని తేలింది. తీవ్ర మానసిక గాయమున్నవారిలో రెండు ఇంటర్వ్యూల మధ్య వ్యవధి పెరిగేకొద్దీ తేడాలూ పెరిగాయి. మహమ్మారి చేసిందీ సరిగ్గా ఇదే: పలు దేశాల్లో విచారణలు వాయిదాపడి, ఆ వ్యవధి సాగిపోయింది. ఆలస్యం విచారణలకే పరిమితం కాలేదు: ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2020 మార్చిలో పునరావాస ప్రయాణాలను ఆపి, జూన్‌లో మళ్లీ మొదలుపెట్టింది.